తెల్లమైనం మీద దురాయి

మొన్న పక్క పాలెం నుంచి నలుగురు ఆడవాళ్లు మా ఇంటికి వచ్చారు. చేతులకు రాసుకునే క్రీము మేము ఎలా చేస్తున్నామో చెప్పమన్నారు. చెప్పాను. నూనె ఎంత, నీళ్లు ఎంత, తెల్లమైనం ఎంత అన్నది వాళ్లలో ఒకావిడ ఫోనులో నా గొంతుతోనే రికార్డు చేసుకుంది. మజ్జిగ తాగి, నవ్వుకుంటూ ఆటో ఎక్కారు. ఆటో మలుపు తిరిగాక నాకు తట్టింది. వాళ్లు కొలత తీసుకెళ్లారు. ఆ కొలత వెనక మేము పడిన భయాన్ని తీసుకెళ్లలేదు. గుమ్మంలో నిలబడి నేను చెప్పగలిగిందీ కాదు అది. మరునాడు ఫోను చేసి, ఇంకా మొదలుపెట్టొద్దనీ, మిగతాది రాసి పంపిస్తాననీ చెప్పాను. ఆ మిగతాదే ఇది.

నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. జాకెట్లు కుట్టుకుంటాను. దారపు ఉండలకు, గుండీలకు మండలానికి పోయినప్పుడు తిరుగు బస్సు ఎప్పుడూ ఆలస్యమే. బస్టాండు ఎదురుగా గ్రంథాలయం ఉంది, అందులో ఫ్యాను ఉంది. మొదట ఫ్యాను కోసమే వెళ్లి కూర్చున్నాను. తర్వాత పుస్తకాల కోసం బస్సులు వదులుకునేదాన్ని. ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని, దారం పోగు పట్టి లాగినట్టు ఒక్కో మాటా లాగి చదవడం అక్కడే నేర్చుకున్నాను. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం. మా పాలెంలో అందరికీ తెలుసు ఇష్టమని, అందుకే ఏడిపిస్తారు కూడా.

మా పాలెం పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉంటుంది. మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లలో సగం మంది పొద్దున్నే వ్యాను ఎక్కి, హైవే పక్కనున్న రొయ్యల షెడ్డుకు పోతారు. అక్కడ వాళ్ల పని రొయ్య తల తుంచడం, పొట్టు ఒలవడం, వెన్ను మీది నల్లనరం లాగడం. రొయ్య తలకు రంపంలాంటి కొమ్ము ఉంటుంది. గ్లౌజు వేసుకున్నా అది గుచ్చుకుంటుంది. రొయ్యలు ఐసులో ఉంటాయి కనుక చేతులూ ఐసులోనే. చల్లని నీళ్లు లోపలికి దూరకుండా మణికట్టు దగ్గర గ్లౌజు మీద రబ్బరు బ్యాండు బిగించుకుంటారు. అది ఎవరూ నేర్పింది కాదు, షెడ్డు పెట్టిన కొత్తలో మా ఊరి ఆడవాళ్లు వాళ్లంతట వాళ్లు కనిపెట్టుకున్న కిటుకు.

షెడ్డు గేటు దగ్గర సూపర్‌వైజరు నిలబడతాడు. రెండు చేతులూ చాపాలి. ముందు బోర్లా, తర్వాత వెల్లకిలా. పుండు కనిపించినా, పగులు కనిపించినా వెనక్కి పంపిస్తాడు. జనం తినే వస్తువు కనుక ఆ నియమం న్యాయమైనదే. కాకపోతే చేతులను పాడు చేసేదీ ఆ పనే, పాడైన చేతులను వద్దనేదీ ఆ పనే.

మా అక్క ఆ షెడ్డులో పాతమనిషి. నాకన్నా ఆరేళ్లు పెద్ద. బావ సముద్రంలో పోయాక ఆ చేతుల మీదే ఇల్లు నడిపింది, కూతుర్ని చదివిస్తోంది. వ్యాను ఎక్కేముందు ఆమె వేళ్లు ముడిచి, తెరిచి, పగులు విడుతుందేమో చూసుకునేది. విడితే పెదవి కొరుక్కుని మళ్లీ ముడిచేది, గేటు దాకా తెరిచేది కాదు. కొబ్బరినూనె రాస్తే గ్లౌజు జిగటెక్కి చిరుగుతుంది, అందుకని నూనె చేతులతో లోపలికి రానివ్వరు. చేతిలోకి ఇంకిపోయి, జిడ్డు మిగల్చనిది ఏదైనా ఉంటే బాగుండునని వాళ్లంతా అనుకునేవాళ్లు.

మా పొదుపు సంఘం లీడరు వరసకు నాకు వదిన. ఆమె ఎక్కడో శిక్షణకు పోయి, ఒక సంచి తెల్లటి పలుకులు తెచ్చింది. చూడటానికి కొవ్వొత్తి తురిమినట్టు ఉన్నాయి. నూనెనూ నీళ్లనూ కలిపి క్రీము చేసేది ఇదేనని, దీన్ని ఎమల్సిఫయర్ అంటారని చెప్పింది. ఆ మాట మా వాళ్ల నోట పలకలేదు. తెల్లమైనం అని పేరు పెట్టుకున్నారు.

"ఇందులో ఏముండాదో నువ్వే చూసి చెప్పాల మరదలా" అంది వదిన. "ఊరికే పుస్తకాలు నలుపుతుండావు గదా. ఒక్క పుస్తకమన్నా మాకు పనికిరానీ."

గ్రంథాలయంలో మందుల తయారీ గురించిన పాత పుస్తకం ఒకటి ఉంది. ఎవరో చదువుకుని వదిలేసి ఇచ్చినది. గ్రంథాలయం సారు బీరువా పైనుంచి దించి, దుమ్ము దులిపి ఇచ్చాడు. బస్సులు వదులుకుని దాన్ని చదివాను. చదివింది సంఘం మీటింగులో ఇలా చెప్పాను. నూనె, నీళ్లు పొసగని రెండు కుటుంబాలు. తెల్లమైనం ఊరి తగువులు తీర్చే మన పెద్దకాపు లాంటిది. ఒక చేత్తో వీళ్లనూ, ఒక చేత్తో వాళ్లనూ పట్టుకుని మధ్యలో కూర్చుంటుంది. అది ఉన్నంతసేపు ఇద్దరూ కలిసి ఉంటారు. అందరూ నవ్వారు, అర్థమైంది.

పుస్తకంలో ఆ కింద ఇంకో మాట ఉంది. ఈ రకం మైనంలో సబ్బు జాతిది, నురుగు పుట్టించేది, కొంచెం కలిసి ఉంటుంది. మన చర్మంలోనూ నూనె ఉంది, నీరుంది. మైనం అవసరానికి మించితే, పని లేని పెద్దకాపు కాపురాల్లో వేలు పెట్టినట్టు, చర్మం పట్టి ఉంచుకున్న నూనెను కూడా లాగేస్తుంది. కొందరి చర్మం దాన్ని ఓర్చుకోలేదు. ఒక వస్తువు మంచిదా చెడ్డదా అని అడిగితే సరిపోదు. ఎంత, ఎంతసేపు, ఎలాంటి చర్మం మీద అని అడగాలి. ఈ వాక్యాలు చదివినప్పుడే నాకు మా వాళ్ల చేతులు గుర్తొచ్చాయి. షెడ్డుకు పోయేవాళ్లలో పగలని చెయ్యి ఒక్కటీ లేదు.

మొదటిసారి క్రీము వదిన పెరట్లో చేశాం. స్టీలు గిన్నెలో నువ్వుల నూనె, మైనం కరిగించి, కాచిన బోరు నీళ్లు పోసి, పప్పుగుత్తితో చిలికాం. పోసినంతసేపు తెల్లగా, మీగడలా వచ్చింది. చల్లారాక విరిగిన పాలలా అయింది. పైన నూనె తేలింది, అడుగున నీళ్లు, మధ్యలో ముద్దలు.

"మైనం చాల్లా" అంది వదిన.

"శిక్షణలో చెప్పినంతే ఏసినాం గదా" అన్నాను.

"వాళ్లు ఆడ చేసినారు, మనం ఈడ చేస్తుండాం. ఇంకొంచెం ఏస్తే పోయేదేంది?"

రెండోసారి మైనం రెట్టింపు వేసింది. ఈసారి క్రీము గట్టిగా, నిగనిగలాడుతూ నిలిచింది. గరిట బోర్లించినా జారలేదు. మరునాడు చూసినా అలాగే ఉంది. ఆడవాళ్లు గిన్నె చుట్టూ చేరి, పెళ్లి వంట రుచి చూసినట్టు వేలితో తీసి వాసన చూశారు. వదిన చిన్న చిన్న డబ్బాల్లో సర్దింది. నాకు మాత్రం ఆ నిగనిగ చూస్తే పుస్తకంలోని మాటే గుర్తొచ్చింది. విడిపోకుండా నిలబడటం ఒక పరీక్ష. ఒంటికి పడటం ఇంకో పరీక్ష. మొదటిది గెలవడానికి మేము రెండోదాన్ని కష్టం చేసుకున్నామేమో.

పంచేముందు నా చేతి మీద చూస్తానన్నాను. మోచేతి మడతలో పూసి, కొన్నాళ్లు పొద్దునా సాయంత్రం పూస్తూ పోయాను. వ్యాను దిగి ఇళ్లకు పోయే ఆడవాళ్లు నా మిషను దగ్గర ఆగి చెయ్యి చూపమనేవాళ్లు. ఏమీ కాలేదు. కొంచెం నునుపయింది కూడా.

"ఇంకేం, పంచేద్దాం" అంది వదిన.

"ఆగు వదినా. నాది రొయ్యలు ఒలవని చెయ్యి. పగుళ్లున్న చర్మం మీద ఏం చేస్తాదో తెలీదు. తక్కువ మైనంతో మళ్లీ చేసి చూద్దాం."

"నీకు పుస్తకం చదివే కొద్దీ పిరికితనం ఎక్కువైతాంది మే" అంది. అయినా డబ్బాలు పంచనని మాటిచ్చింది. మాట తప్పలేదు కూడా. కానీ ఆమె వంటింట్లోకి వచ్చి అడిగి తీసుకున్నవాళ్లకు మాత్రం కాదనలేకపోయింది. అలా అడిగి తీసుకున్నవాళ్లలో మా అక్క ఒకతి.

అది నాకు తెలిసింది అక్క చేతుల వల్లే. ఒక సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చి, పైట కింద చేతులు దాచుకుని గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతులు చూపమన్నాను.

ఆ చేతులు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా ఉడికించిన రొయ్య రంగు. వేళ్లు వాచి ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నాయి. అరచేతి తోలు పొరలు పొరలుగా లేచింది. కుడి బొటనవేలి కింద రొయ్య కొమ్ము గుచ్చిన చోట మరీ ఎర్రగా ఉబ్బింది. మణికట్టు దగ్గర, రబ్బరు బ్యాండు బిగించే చోట, కొలిచి గీసినట్టు ఆ ఎరుపు ఆగిపోయింది. దాని పైన చెయ్యి మామూలుగా ఉంది.

"నీ చెయ్యి బాగుండాది గదాని పూసుకున్నా పాపా" అంది. "మూడు నాళ్ల నుంచి పూస్తుండా. నిన్న కొంచెం మంట పుట్టింది. ఈ పొద్దు గేటు కాడ వెనక్కి పంపినాడు."

నా చెయ్యి చూసి పూసుకుంది.

మా వీధిలో వల బాగుచేసే ఒక మామ ఉన్నాడు. జెల్లచేప ముల్లు దిగితే పసుపు పెట్టి ఊరుకున్నాడు. ఎరుపు గీతలా చెయ్యి పైకి పాకింది. ఆసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమై రెండు వేళ్లు తీసేశారు. మిగిలిన మూడు వేళ్లతో ఆయన ముడి వేస్తుంటే మేమందరం చూస్తూనే పెరిగాం. ఉప్పునీటి ముల్లు ఏం చేయగలదో గ్రంథాలయంలో బొమ్మలతో సహా చదివాను. చదవనివాళ్లకు ఆ మామ ఒక్కడే గుర్తొస్తాడు. నాకు ఆ పుటలన్నీ గుర్తొచ్చాయి. అక్క చేతిది క్రీము మంటా, కొమ్ము గుచ్చిన విషమా, క్రీము విప్పిన తోలులోంచి దూరిన విషమా? మూడూ ఎర్రగానే ఉంటాయి.

మరునాడు పొద్దున్నే గూడూరులో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె అక్క చేతులు వెలుతురులోకి తిప్పి చూసింది, వేళ్ల మధ్య నొక్కింది, చంక కింద బిళ్ల కట్టిందేమో తడిమింది. ఏం పూశారని అడిగితే డబ్బా ఇచ్చాను, మైనం గురించి చదివింది చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"ఎక్కువ భాగం ఏదో పడక వచ్చిన మంటే. ఇది మాన్పొచ్చు" అంది. "ఈ బొటనవేలి దగ్గరే నాకు అనుమానంగా ఉంది." బాల్‌పెన్ను తీసి, ఆ ఎరుపు అంచు వెంబడి నీలంగా గీత గీసింది. "ఈ గీత దాటి ఎరుపు పాకితే ఆలోచించకుండా రండి. జ్వరం వచ్చినా అంతే." పూతమందు, మాత్రలు రాసిచ్చింది. చేతులకు సబ్బు, క్రీము ఏదీ తగలకూడదంది.

ఆ గీతే మాకు తర్వాతి రోజులంతా. అక్కను మా ఇంట్లోనే ఉంచుకున్నాను. అన్నం నేనే కలిపి ముద్దలు పెట్టాను. గంటకోసారి కిటికీ దగ్గరికి రమ్మని వేలు చూసేదాన్ని.

"ఏం మే, నా చేతి మీద భూమి సర్వే చేస్తుండావా?" అనేది అక్క. "గట్టు ఎవరన్నా జరిపినారా?"

నవ్వించాలని అనేది. ఆమె కూడా భయపడుతోందని నాకు తెలుసు. గీత వైపు ఆమె ఒక్కసారి కూడా చూసేది కాదు, నా ముఖం వైపే చూసేది.

ఒక మధ్యాహ్నం ఉక్కకు చెమట పట్టి గీత ఒక పక్క చెరిగిపోయింది. కిటికీ దగ్గర చూస్తే ఎరుపు ఉంది, గీత లేదు. ఎరుపు గీతను దాటిందో, గీతే పోయిందో చెప్పలేను. మిగిలిన నీలాన్ని పట్టుకుని కంటితో వంపు కలిపి చూశాను. లోపలే ఉన్నట్టు అనిపించింది. మళ్లీ చూస్తే బయట ఉన్నట్టు అనిపించింది. చివరికి బస్సు కోసం చూడకుండా ఆటో మాట్లాడి గూడూరు తీసుకెళ్లాను. దారి పొడుగునా అక్క నా భుజం మీద తల ఆనించి, చిన్నప్పుడు నేను జ్వరంలో వాగిన మాటలు చెబుతూ వచ్చింది. ఒక్కటీ నా చెవికి ఎక్కలేదు. డాక్టరమ్మ చూసి, పాకలేదంది, కొత్త గీత గీసింది. బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాను. లేవడానికి అక్కే చెయ్యివ్వబోయి, తన చేతులు చూసుకుని, మోచెయ్యి ఇచ్చింది.

అక్క చేతులు అలా ఉండగా నా ఇంకో భయం, ఊళ్లో ఉన్న మిగతా డబ్బాలు. వదిన లెక్క పెట్టి ఇవ్వలేదు. ఎవరు ఎవరికి గీరి ఇచ్చారో తెలియదు. ఇల్లిల్లూ తిరిగాను. కొందరు మా ఇంట్లో లేదన్నారు. ఒకామె "మీయక్క ఒళ్లు సున్నితం మే, మాకేం కాలా" అంది. షెడ్డులో పని పోతుందనే భయంతో చేతులు దాచేవాళ్లు నాకు డబ్బా చూపిస్తారా?

దురాయి మాట అప్పుడే తోచింది. దురాయి అంటే మా పాలేల్లో ఊరి కట్టు. పెద్దకాపు దురాయి వేశాడంటే ఆ రోజు ఒక్క పడవా సముద్రం మీదికి పోదు, ఒక్క వలా నీళ్లలో పడదు. దాటినవాళ్లతో ఊరు మాట్లాడదు. తుఫాను వస్తుందన్నా, వలల తగువు వచ్చినా వేసేది అదే. ఆడవాళ్ల వస్తువు మీద ఎప్పుడూ వేసింది లేదు.

పెద్దకాపు పడవ ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. వరసకు నాకు పెదనాయన.

"స్నోకి దురాయా?" అన్నాడు తల ఎత్తకుండా. "ఏం మే, నవ్విపోతారు నన్ను."

"ముఖానికి పూసేది కాదు పెదనాయనా, చేతులకి. అక్క చేతులు చూసినావా?"

"చూసినా. అది ఆ మందు వల్లనే అని నీకు కచ్చితంగా తెలుసా?"

"తెలీదు."

"తెలీకుండా ఊరిని కట్టెయ్యమంటావా?"

"తుఫాను వస్తాదన్నప్పుడు, కచ్చితంగా వస్తాదని తెలిసే దురాయి ఏస్తావా నువ్వు?"

ఆయన స్పానరు పక్కన పెట్టాడు. చేతుల నూనె గుడ్డకు తుడుచుకున్నాడు. "తెలీకనే ఏస్తాం" అన్నాడు. "తెలిస్తే దురాయి ఎందుకు, ఎవురూ పోరు గదా."

ఆ సాయంత్రమే చాటింపు వేశారు. తెల్లమైనం క్రీము ఎవరింట్లో ఉన్నా చేపల వేలం షెడ్డుకు తెచ్చి పెట్టాలని, ఊరు మళ్లీ చెప్పేదాకా ఎవరూ ఒంటికి తగిలించకూడదని. మగవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. కానీ దురాయి దురాయే. డబ్బాలు వచ్చాయి. నేను అనుకున్నదానికన్నా చాలా ఎక్కువే వచ్చాయి. డబ్బాలతో పాటు చేతులూ వచ్చాయి. ఇంకో ఇద్దరివి ఎర్రగా ఉన్నాయి, అక్కంత కాకపోయినా. చూపించి, ఏడ్చారు. వదిన ఆ చేతులు తన ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డతో తుడిచింది.

అందరికన్నా చివర ఒక అవ్వ వచ్చింది. షెడ్డుకు పోయే వయసు ఎప్పుడో దాటింది. సగం అయిపోయిన డబ్బాను కొంగులోంచి తీసి, ఇవ్వకుండా పట్టుకుంది.

"నా మడమలు చూడండ్రా" అంది. "ఎన్నేళ్ల పగుళ్లో, అన్నీ పూడినాయి. దురాయి చేతులకు గదా. మడమలకు గూడా ఉండాదా?"

పెద్దకాపు నవ్వాపుకోలేక నా వైపు చూశాడు. నేను నవ్వలేదు. అవ్వ మడమల మీద చెయ్యి పెట్టి చూశాను. మెత్తగా ఉన్నాయి. అవి కూడా పగిలిన చర్మమే. అదే గిన్నెలోని క్రీమే. అంటే పగులు ఒక్కటే కారణం కాదు. అవ్వ మడమలకు లేనిదీ, అక్క చేతులకు ఉన్నదీ ఇంకేదో ఉంది. అక్క మణికట్టు దగ్గర కొలిచి గీసినట్టు ఆగిన ఎరుపు అప్పుడు గుర్తొచ్చింది.

"అక్కా, క్రీము ఎప్పుడు పూసుకున్నావు?" అని అడిగాను ఇంటికి పోయి.

"ఎప్పుడేంది? గ్లౌజు తొడుక్కునే ముందర. లోపల చెయ్యి మెత్తగా నానుతాదని."

మరునాడు మా ఆయన మోసుకొచ్చిన తొట్టిలో, వేలం షెడ్డు నుంచి తెచ్చుకున్న ఐసు పోశాను. కుడిచేతికి క్రీము పూసి గ్లౌజు తొడిగాను. ఎడమచేతికి ఉత్త గ్లౌజు. రెండింటికీ మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు. మా వాళ్లు షెడ్డులో ఎలా ఉంటారో అలా, వ్యాను పోయిన దగ్గర నుంచి తిరిగి వచ్చేదాకా, చేతులు ఐసులో పెట్టి తీస్తూ కూర్చున్నాను. నేను కుట్టేది కుడిచేత్తోనే. కుడిచేతికి ఎందుకు పూశావని మా ఆయన అడిగాడు. ఎడమచేతికి పూస్తే, పని తక్కువ చెయ్యి కనుక ఏమీ కాలేదని ఎవరైనా అంటారని చెప్పాను. నిజానికి గ్లౌజు తొడిగిన క్షణం నుంచి నాకు భయమే. మూడు వేళ్ల మామ ముడి వేస్తున్నట్టు కళ్ల ముందు కనిపిస్తూనే ఉంది.

విప్పాక రెండు చేతులూ నాని ముడతలు పడి ఉన్నాయి. ఎడమది కాసేపటికి మామూలైంది. కుడిది దీపం పెట్టేవేళకు వెచ్చబడింది. తర్వాత మంట. పొద్దునకు మణికట్టు దాకా ఎర్రగా, మణికట్టు దగ్గర గీసినట్టు ఆగి. అక్క చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. నాకు మంట బాధ కన్నా ముందు ఒక స్థిమితం కలిగింది. రొయ్య కొమ్ము గుచ్చని చేతికి కూడా ఇదే వచ్చింది. అంటే అక్కకు వచ్చింది చాలావరకు విషం కాదు.

గ్లౌజులో గాలి ఆడదు, చెమట పోదు. పూసింది ఆరదు, తుడుచుకుపోదు, గంటల తరబడి చర్మాన్ని నానబెట్టి లోపలికి దిగుతుంది. నా మోచేతి మడత గాలికి ఉన్న చర్మం. అవ్వ మడమలూ అంతే. మా వాళ్ల చేతులు గాలికి ఉండవు, రబ్బరు బ్యాండు కింద బతుకుతాయి. పరీక్ష చేయాల్సింది అక్కడ. ఎంతసేపు, ఎలాంటి చర్మం మీద అని పుస్తకం అడిగింది. దేని కింద అని కూడా అడగాలని నాకు అప్పుడు తెలిసింది.

మిగిలింది విరగడం సంగతి. ఉప్పు నీళ్లలో సబ్బు నురుగు రాదని మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. మా బోరు నీళ్లు ఉప్పన. మైనంలోని నురుగు పదార్థం సబ్బు జాతిదే కదా, దానికీ ఈ నీళ్లు పడలేదేమో. ఈసారి తాగడానికి కొనే క్యాను నీళ్లు కాచి, శిక్షణలో చెప్పిన తక్కువ మైనంతోనే చేశాం. నిలిచింది.

"అంటే నీళ్లు చేసిన తప్పుకి నేను మైనాన్ని తిట్టి, ఇంకో గుప్పెడు ఏసినానా?" అంది వదిన. తర్వాత కుడిచెయ్యి చాపింది. "ఈ తూరి చెయ్యి నాది. నీది మాననీ."

పూసేముందు వదిన ఆ క్రీమును శిక్షణలో పాఠం చెప్పిన టీచరమ్మకు చూపించింది. నీళ్లున్న ఏ క్రీములోనైనా కంటికి కనపడని క్రిములు పెరుగుతాయని, చెడకుండా కాపాడే మందు సరైన పాళ్లలో వేయకపోతే పగిలిన చేతికి విషాన్ని పూసినట్టేనని ఆమె చెప్పింది. నిగనిగలాడేదాన్ని చూసి భయపడాలని నాకు రెండోసారి తెలిసింది. ఆ మందు వేసి, ఆమె పరీక్ష చేయించి ఒప్పుకున్నాకే మళ్లీ చేతికి పూశాం. వదిన చెయ్యి గ్లౌజులో కూడా ఎర్రబడలేదు. అయినా గ్లౌజు కింద పూయకూడదనే నియమం పెట్టుకున్నాం. పని అయ్యాక ఇంటికి వచ్చి, కడిగి, తుడిచి, పూయాలి. పొద్దున ఉత్త చేతులతో పోవాలి.

అక్క చేతుల మీద పాత తోలు రాలి, కింద లేతది వచ్చింది. డాక్టరమ్మ సరేనన్నాక కొత్త క్రీము కొంచెం పూద్దామంటే అక్క చెయ్యి వెనక్కి లాక్కుంది. బలవంతం చేయలేదు. నేను రోజూ ఆమె ఎదురుగా నా చేతికి పూసుకున్నాను. ఒక సాయంత్రం తనే చిటికెనవేలు చాపింది. "దీనికి పుయ్యి. పోతే ఇది పోనీ" అంది.

షెడ్డులో ఎక్కువ రోజులు కనపడకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఆమె మళ్లీ వెళ్లిన పొద్దు నేనూ వ్యాను ఎక్కాను. గేటు బయట, బీడీ కొట్టు పక్కన నిలబడ్డాను. వరుస కదిలింది. అక్క చేతులు చాపింది. సూపర్‌వైజరు బోర్లా చూశాడు, వెల్లకిలా చూశాడు, మళ్లీ బోర్లా తిప్పమన్నాడు. కుడి బొటనవేలు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. డాక్టరమ్మ నీలం గీత ఎప్పుడో పోయింది, కానీ నాకు అంత దూరం నుంచి అది కనిపిస్తూనే ఉంది.

"ఏం పూసినావు?" అన్నాడు.

"ఈడికి వచ్చేటప్పుడు ఏమీ పూయలా సారూ" అంది అక్క. "ఇంట్లో పూసుకుంటా."

వేలు వదిలేసి, తలతో లోపలికి చూపించాడు. అక్క రెండడుగులు వేసి ఆగి, నా వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి ఒకసారి బోర్లా, ఒకసారి వెల్లకిలా తిప్పి చూపించి లోపలికి పోయింది. ఇంటికి తిరిగి వచ్చినా, సాయంత్రం వ్యాను వచ్చేదాకా నేను ఒక్క జాకెట్టు కూడా కుట్టలేకపోయాను. ఆమె దిగగానే చేతులే చూశాను. నాని ఉన్నాయి, అలసి ఉన్నాయి. ఎర్రగా లేవు.

పక్క పాలెం అక్కల్లారా, కొలత మీ దగ్గర ఉంది. మీ నీళ్లు వేరు కావచ్చు, మీ పని వేరు కావచ్చు. మీ చేతులు రోజంతా దేని కింద ఉంటాయో చూసుకుని, అక్కడ, ఒక్క చేతి మీద, డాక్టరుకు చెప్పి, ముందు చూడండి. మా ఊళ్లో కొత్త గిన్నె దించినప్పుడల్లా ఇప్పటికీ ఎవరో ఒకరు గ్లౌజు తొడుక్కుని ఐసు తొట్టి దగ్గర కూర్చుంటారు. నా వంతు వచ్చినప్పుడు ఇప్పటికీ నాకు భయం వేస్తుంది. వేయని రోజు ఆ గిన్నె దించొద్దని వదినకు చెప్పాను.

ఇది చదివేవాళ్లకు పేర్లు అక్కర్లేదు. మేము పేర్లు పెట్టి పిలుచుకోం కనుక పిలుపులతోనే చెబుతాను. బీరువా పైనుంచి పుస్తకం దించిన గ్రంథాలయం సారుకు, తెలియనిదాన్ని తెలియదన్నందుకే నా మాట విన్న పెదనాయనకు, పెన్నుతో గీత గీసిన డాక్టరమ్మకు, కనపడని క్రిముల గురించి చెప్పిన టీచరమ్మకు, రెండో పరీక్షకు తన చెయ్యి చాపిన వదినకు, దురాయి కట్టుకు తలవంచి డబ్బాలతో పాటు చేతులూ చూపించిన ఆ ఇద్దరికీ, ఐసు తొట్టి మోసుకొచ్చిన మా ఆయనకు, మడమలు చూపించి నా కళ్లు తెరిపించిన అవ్వకు దండాలు. అవ్వా, దురాయి ఎత్తేశారు, కొత్త డబ్బా నీకోసం పక్కన పెట్టి ఉంచాను. చిటికెనవేలు చాపిన మా అక్కకు అందరికన్నా చివర, అందరికన్నా ఎక్కువ.